జగ్గయ్యపేట, నందిగామ సీమలలో జప్తులును వేలములును

మన సంఘ వార్షిక సంచికలలో వంశచరిత్రలు, దేవాలయ నిర్మాణములు, సత్రములు, విద్యాదానములు మున్నగువానిని గూర్చి వ్యాసములు ప్రకటించుట పరిపాటి. అవి యన్నియు మన పెద్దలు కట్టినవాని చరిత్రలు. ఈ సంవత్సరము మేము మన చేతులనుండి జారిపోయినవాని చరిత్రను వ్రాయ సంకల్పించితిమి. ఒక కుటుంబము పొలమెట్లు సంపాదించెనో చెప్పువారు పెక్కురు గలరు. అదే కుటుంబము ఆ పొలమునెట్లు పోగొట్టుకొనెనో చెప్పువారు మిక్కిలి యరుదు. ఏలయన, పోయినచోట సాధారణముగా ఒక వేలము జరిగియుండును. ఆ వేలమునాడు గుమికూడినవారిలో మనవారును ఉండియుందురు. ఈ విషయము ప్రియమైనది కాదు. అయినను హితమైనదని తలచి, చదువరుల యనుగ్రహమును గోరుచు ప్రారంభించుచున్నాము.

మేము చెప్పబోవు సీమ కృష్ణామండలపు మెట్టభాగము. నందిగామ, జగ్గయ్యపేటలు 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీనుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. అంతకుపూర్వము చిరకాలము కృష్ణాజిల్లాలోనివే. కృష్ణానదికి ఉత్తరమున, మునియేరు, పాలేరు, కట్టలేరు పారు ఈ నేలలో రేగడియు చల్కయు గలసియుండును. జొన్న, కంది, ప్రత్తి, మిరప యిచటి ప్రధానమైన పైరులు. 1852–55 సంవత్సరములలో బెజవాడకడ కట్టిన ఆనకట్ట డెల్టాను సస్యశ్యామలము గావించెను గాని, మెట్టసీమ ఆకాశమునే నమ్ముకొని యుండిపోయెను. వాన కురిసిన యేడు పాతరలు నిండును. కురియని యేడు అప్పు పుట్టును. ఈ సీమలో వేలముల చరిత్రకు మూలమిదియే.

శబ్దవిచారము

సంస్కృతాంధ్రములు బోధించి జీవించినవారమగుటచే ముందుగా మాటలను విచారించుట మాకు అలవాటు. ఋణము, వృద్ధి, కుసీదము, ఆధి, సాక్షి మొదలగు పదములు మన ధర్మశాస్త్రములలోనివి. మనుస్మృతిలో పదునెనిమిది వ్యవహారపదములలో మొట్టమొదటిది ఋణాదానమే. అప్పిచ్చుట, పుచ్చుకొనుట, వసూలు చేసికొనుట మన దేశమునకు క్రొత్తవి గావు. అయితే వేలమను మాట మనది కాదు. పోర్చుగీసు వర్తకుల లెయిలావ్ అను పదము తీరముల వెంబడి వచ్చి తమిళమున ఏలము, మలయాళమున లేలము, హిందీలో నీలాము, తెలుగున వేలము అయినది. జప్తు, అమీను అనునవి అరబ్బీ పారసీకముల ద్వారమున వచ్చినవి. డిక్రీ ఆంగ్లేయుల సొత్తు. ఈ వ్యవహారమంతటిలో తెలుగువాని సొంతమైనది ‘పాట’ యను మాట యొక్కటియే. పెండ్లియింటను పాటయే, కూలిపోయిన యింటి ముంగిటను పాటయే! మొదటిదానిలో ముత్తైదువలు పాడుదురు; రెండవదానిలో హెచ్చుపాటదారు పాడును.

సంస్థానము వేలమైన విధము

ఈ సీమలో వేలము మొదట రైతు గుడిసెకు రాలేదు, రాజుల కోటకు వచ్చినది. 1802లో శాశ్వత పైసలా విధానము వచ్చినపుడు సర్కారు హవేలీ భూములను ముఠాలుగా విభజించి బహిరంగముగా వేలమువేసిరి. హెచ్చుపాట పాడినవాడు ఆ గ్రామములకు జమీందారుడయ్యెను. పేష్కషు నియమిత కాలమునకు చెల్లింపనిచో ఆ జమీందారీయు మరల వేలమునకు వచ్చుట ఆ విధానములోనిదే. పాట వలన పుట్టిన ప్రభుత్వము పాటతోనే పోవలసివచ్చెను.

పూర్వసంస్థానములును ఈ గతి తప్పించుకొనలేదు. జగ్గయ్యపేటను నిర్మించినవారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు. బేతవోలు ననుసరించి వెలసిన ఆ పట్టణమునకు వారు తమ తండ్రి జగ్గన్నగారి పేరు పెట్టిరి. చింతపల్లినుండి అమరావతికి రాజధానిని మార్చి, దేవాలయములకును పండితులకును దానములు గావించి, 1816లో స్వర్గస్థులైరి. వారికి ఔరస పుత్రులు లేరు. దత్తపుత్రులు జగన్నాథబాబు, రామనాథబాబు గార్ల నడుమ వారసత్వ వివాదము చెలరేగెను. వ్యవహారము జిల్లా న్యాయస్థానము, మదరాసు సదరు అదాలతు, తుదకు లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు నడచెను. మొదటి దత్తపుత్రుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదని 1846లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది. రంగమ్మ అచ్చమ్మల వ్యాజ్యమను పేర ఆ తీర్పు హిందూధర్మ గ్రంథములలో నేటికిని ఉదహరింపబడుచున్నది.

ఆ ముప్పదియేండ్లలో సంస్థానమేమయ్యెను? శిస్తు బకాయి పెరిగెను. నందన సంవత్సరపు కరవు, అనగా 1832–33 నాటి గుంటూరు కరవు, గ్రామములను పాడుచేసెను. జమీందారీలు కలెక్టరుల స్వాధీనములోనికి పోయెను. 1840వ దశకములో బకాయిల నిమిత్తమై గుంటూరు ప్రాంతపు జమీందారీలు వేలమునకు రాగా సర్కారే కొనుక్కొనెను. 1846లో సర్ వాల్టర్ ఇలియట్ దొరవారు ఈ జమీందారీల పతనమును విచారించి నివేదిక వ్రాసిరి. కావున ఎవరు వారసులో లండనులో తేలునప్పటికి వారసత్వముగా పొందదగిన రాజ్యము మిగులలేదు. అన్నదమ్ముల తగవునకు అమీనే తీర్పరి యగునను సత్యమునకు ఇంతకంటె పెద్ద నిదర్శనము మన సీమలో లేదు.

రైతు గడపకు వేలము వచ్చుట

సంస్థానములు పోయిన పిదప వేలము క్రమముగా చిన్నవారి గడపలకు వచ్చెను. త్రోవలు మూడు. మొదటిది శిస్తు. సర్కారు శిస్తు బకాయిపడిన రైతు చరస్థిరాస్తులను జప్తుచేసి విక్రయించుటకు 1864వ సంవత్సరపు రెవిన్యూ రికవరీ చట్టము అధికారమిచ్చెను. రెండవది జమీందారుల కౌలు. 1802 నాటి 28వ రెగ్యులేషను, దాని తరువాత 1865 నాటి చట్టము, ఆపైన 1908 నాటి ఎస్టేట్సు ల్యాండు చట్టము జమీందారులకు రైతుల పంటను చరాస్తిని పట్టుకొనుటకు దారి చూపినవి. నందిగామ తాలూకాలోనిదై, చుట్టును నైజాము రాజ్యముండ నడుమ ద్వీపమువలె నిలిచిన మునగాల పరగణాలో జమీందారీ రైతుల యాందోళనము 1938–39లో తీవ్రరూపము దాల్చుట యెల్లరెరిగినదే. ఆ పరగణా 1959లో నల్లగొండ జిల్లాలో చేరినది. మూడవ త్రోవ సావుకారు డిక్రీ. మన కుటుంబములను హెచ్చుగా కూల్చినది ఈ మూడవదే.

ప్రామిసరీ నోటు మూడేండ్లకు తిరుగవ్రాయుట, వడ్డీని అసలులో గలుపుట, నోటు తనఖాగా మారుట, తనఖా దావాగా మారుట, దావా డిక్రీ యగుట — ఈ మెట్లన్నియు మన పెద్దలకు కంఠస్థములు. డిక్రీ యైన పిదప అమీను వచ్చును. టముకు వేయించును. భూమిమీదను కచేరీ గోడమీదను కాగితము అంటించును. వేలము నాడు ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ యనగానే తరతరముల స్వత్వము నిలువున మారిపోవును. పాడుకొన్నవాడు పాటలో నాల్గవవంతు అచ్చటనే కట్టవలెను. తక్కినది పదునైదు దినములలో చెల్లింపవలెను. చరాస్తి జప్తులో బిందెలు, గంగాళములు, కాగులు, మందసపు పెట్టెలు వాకిట బారుతీరును. కోడలు పుట్టింటినుండి తెచ్చిన యిత్తడిమీద చెక్కిన పేరును పాటదారుడు బిగ్గరగా చదువును. ఆ పేరు చదువబడిన దినమును ఆ యింటి యాడువారు జీవితకాలమున మరువరు.

1929 తరువాతి ఆర్థికమాంద్యములో పంటల ధరలు సగమునకు పడిపోయెను గాని నోటుమీది యంకె పడలేదు. నూరు బస్తాలు అమ్మి తీర్పదగిన బాకీకి రెండు వందల బస్తాలు అమ్మవలసివచ్చెను. చెన్నరాజధానిలో రైతుల ఋణము 1895లో నికల్సను దొర లెక్కప్రకారము 45 కోట్ల రూపాయలు. 1930లో బ్యాంకింగు విచారణ సంఘము అంచనా 150 కోట్లు. 1935లో సత్యనాథన్ గారి నివేదిక ప్రకారము 200 కోట్లు. ఈ యంకెల వెనుక మన మెట్టగ్రామముల గడపలు ఎన్నియున్నవో యూహింపదగును.

ధర్మశాస్త్రమును న్యాయస్థానమును

ఇచ్చట ఒక విశేషమును మనవి చేయవలసియున్నది. వడ్డీ యెంత పెరిగినను ఒక్కసారిగా వసూలు చేయునది అసలును మించరాదని మన ధర్మశాస్త్రము విధించినది. దీనినే న్యాయవాదులు దామ్‌దుపట్ అందురు. బొంబాయి రాజధానిలోను కలకత్తా నగరములోను న్యాయస్థానములు ఈ నియమమును పాటించెను. చెన్నరాజధానిలో పాటింపలేదు. మనువు విధించిన రక్ష మనువును పారాయణము చేయు సీమలోనే లేకపోయెను!

అదే కాలమున, తండ్రి ఋణము కుమారుడు తీర్చవలెనను ధర్మమును మాత్రము న్యాయస్థానములు గట్టిగా పట్టుకొనెను. స్మృతులు దానికిని హద్దులు పెట్టినవి. జూదమునకు, మద్యమునకు, దుర్వ్యసనమునకు చేసిన ఋణము కుమారునికి అంటదని చెప్పినవి. ఆ హద్దును రుజువు చేయు భారము కుమారునిపై పడెను. తండ్రి యేమి చేసెనో మైనరు బాలుడేమి రుజువు చేయగలడు? ఇట్లు తండ్రి సంతకముమీద కుమారుల భాగములును వేలమైపోయినవి. ఈ కారణమున కుమారునిపై దావా నడుపు హక్కు 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి, హిందూ వారసత్వ సవరణ చట్టమువలన, తదుపరి ఋణముల విషయమున తొలగిపోయినది.

ధర్మశాస్త్రపు తొలి నియమమునకు సాటియైన రక్ష 1938లో వచ్చెను. శ్రీ చక్రవర్తి రాజగోపాలాచార్యులవారు ప్రధానిగానుండగా చెన్నరాజధాని శాసనసభ వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును, అనగా ఆ సంవత్సరపు 4వ చట్టమును, చేసెను. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు ఋణములపై 1937 అక్టోబరు 1వ తేదీకి నిలువయున్న వడ్డీ యంతయు కొట్టివేయబడెను. అసలుకు రెండింతలు అదివరకే చెల్లించినవాని బాకీ పూర్తిగా తీరినట్లు ఎంచబడెను. 1937 అక్టోబరు 1 తరువాత వేలమైపోయిన రైతుభూములను గూర్చి, చట్టము వచ్చిన తొంబది దినములలో దరఖాస్తు చేసికొన్నచో వేలమును రద్దుపరచుటకు వీలు గలిగెను. ఇతరమైన యాస్తిలేని స్త్రీకి రావలసిన చిన్న ఋణములకు ఈ తగ్గింపు లేకుండ మినహాయింపు చేయుటయు గమనింపదగినది. అప్పిచ్చినవారందరు ధనమదాంధులు గారు. పసుపుకుంకుమల సొమ్మును వడ్డీకిచ్చి కాలము గడుపుకొను వితంతువులును వారిలో నుండిరి. చట్టము చేసినవారు ఆ సంగతి మరువలేదు. మనమును మరువరాదు.

తరువాత 1948 నాటి చట్టముచే జమీందారీలు రద్దయ్యెను. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరు కాలువలకు నీరు విడువబడెను. ఎడమకాలువ మన మెట్టకు క్రమముగా చేరెను. ఆ ప్రాజెక్టు సాధనకై ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు పడిన శ్రమ ఈ సీమవారికి సుపరిచితము. ఒకనాడు వేలములో సంస్థానమును కోల్పోయిన వంశపు శాఖలోనివారే, రైతు భూమి వేలమునకు రాకుండు నట్టి నీటికై పాటుపడుట మన చరిత్రలో సంతసింపదగిన ఘట్టము. 1977లో చిన్నరైతులు, కూలీలు, చేతివృత్తులవారి ఋణములను గూర్చి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మఱియొక ఋణవిమోచన చట్టము చేసెను.

పాటకు పోకుండుట చాలునా?

మన గ్రామములలో ఒక మర్యాద యుండెడిది. ఇరుగుపొరుగువాని యెడ్లను, నాగలిని, నివాసగృహమును వేలములో పాడరాదని పెద్దలు చెప్పుచుండెడివారు. ఇది ఉత్తమ సంప్రదాయమే. కాని మేము దీనిని లోతుగా విచారింపగా వేరొక సంగతి గోచరించినది. చుట్టుపట్టులవారు పాటకు రాకున్న వేలమాగదు. ధర మాత్రము పడిపోవును. డిక్రీదారుడే కోర్టు అనుమతితో పాడి తక్కువ ధరకు పొలము కొనును. పొలము పోయినను బాకీ మిగులును. మిగిలిన బాకీకి మఱియొక జప్తు వచ్చును. కావున మనము ఇంట కూర్చుండి కాపాడుకొన్నది మన మర్యాదను మాత్రమే. బాకీదారుని కొంపను గాదు. పాటకు పోకుండుట సగము ధర్మము. పాటకు ముందుగా పోవుట పూర్ణధర్మము.

ముందుగా పోయి చేయదగినదేమి? శాసనములోనే మార్గములు గలవు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము ధరించు బట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారముననుసరించి స్త్రీ తొలగింపరాని యాభరణములు, సేద్యపు పనిముట్లు, జీవనమునకు వలయు నెడ్లు, విత్తనపు ధాన్యము, రైతు నివసించు నిల్లు డిక్రీకి జప్తు చేయరానివి. మంగళసూత్రముపై చేయివేయు అధికారము ఏ యమీనుకును లేదు. సూర్యాస్తమయము తరువాత, సూర్యోదయమునకు ముందు, చరాస్తి జప్తునకై నివాసగృహములో ప్రవేశింపరాదని 62వ సెక్షను శాసించుచున్నది. ఇది తెలియక భయముచే ఎడ్లను విప్పి యిచ్చినవారెందరో!

అంతియ గాదు. పొలమును తనఖాపెట్టియో, కౌలుకిచ్చియో, స్వయముగా నమ్మియో బాకీ తీర్చగలనని బాకీదారుడు తృప్తిపరచినచో కోర్టు వేలమును వాయిదా వేయవచ్చును. వేలమైన పిదపను, ప్రకటనలో చూపిన బాకీయు, పాటదారునికి పాటమొత్తముపై నూటికి అయిదును కోర్టులో జమకట్టినచో వేలము రద్దగును. దీనికి గడువు పూర్వము ముప్పది దినములు. 1976 నాటి సవరణ తరువాత అరువది దినములు. మనవారికి ఈ గడువు తెలిసియుండిన, తెలిసినపుడు సొమ్ము సమకూర్చు చేయి యొకటి యుండిన, ఎన్ని గడపలు నిలిచియుండునో!

మేము ఉపాధ్యాయులుగా నుండిన కాలమున ఒక బాలుడు ఎనిమిది దినములు బడికి రాలేదు. తొమ్మిదవనాడు వచ్చి కడపటి బల్లపై కూర్చుండెను. అడుగగా, ఇంటిముందు కాగితము అంటించిరని మాత్రము చెప్పెను. వాని తండ్రికి ఈ గడువును గూర్చి చెప్పినవారెవ్వరును లేకపోయిరి. పొలము పోయినది, ఆ సంవత్సరాంతమున బాలుడును బడి విడిచెను. శబ్దమంజరి ఆతనికి మా విద్యార్థులందరికంటె బాగుగా వచ్చియుండెను.

నేటి స్థితి, మన కర్తవ్యము

నేడు టముకు మ్రోయుట తగ్గినది గాని వేలము తగ్గలేదు. 2002 నాటి సెక్యూరిటైజేషను చట్టము క్రింద బ్యాంకులు కోర్టుకు పోకయే తాకట్టు ఆస్తులను అమ్ముకొనగలవు; వ్యవసాయ భూమిపై తాకట్టును మాత్రము ఆ చట్టపు 31వ సెక్షను మినహాయించినది. ఇప్పుడు పల్లెటూరి యింటినుండి వేలమునకు హెచ్చుగా పోవునది బంగారము. మిరపకో ప్రత్తికో పెట్టుబడికై తాకట్టుపెట్టిన నగలు గడువు మీరగా, పత్రికలో చిన్న యక్షరముల ప్రకటన వచ్చును. వాకిట జనులు గుమికూడరు, పేరు చదువబడదు. సిగ్గు తగ్గినదని సంతసింతుమా? ఎవరికిని తెలియకుండ కూలుటచే ఆదుకొనువారును లేకపోయిరని విచారింతుమా? మేము రెండవ పక్షమువారము.

కులాభిమానులగు పోషకులకు కొన్ని మాటలు వినయముతో మనవి చేయుచున్నాము. మన కులములో అప్పుపడినవారును గలరు, అప్పిచ్చినవారును గలరు. వేలములలో భూములు పోగొట్టుకొన్నవారును గలరు, కొన్నవారును గలరు. కొన్నవారు చట్టము మీరలేదు. వారిని నిందించుట మా యుద్దేశము గాదు. అయితే ఆ భూముల యాయమునుండి విద్యార్థి వసతిగృహములకు దానములు చేయుచున్న సంపన్నులు, ఆ దానములో కొంత భాగమును దానికి ముందుమెట్టున ఖర్చు చేయుటకు ఆలోచింపవలెను. వేలమైన యింటి బాలునికి వసతి కల్పించుట మంచిది. ఇల్లు వేలము గాకుండ కాపాడుట అంతకంటె మంచిది.

ఇందులకు మూడు పనులు చాలును. మొదటిది: ప్రతి మండలమున మన న్యాయవాదులలో నొకరు, నెలకొక దినము, నోటీసులు చదివి చెప్పుటకు నియమితులు కావలెను. రెండవది: సంఘము ఒక మూలనిధిని ఏర్పరచి, వేలమును రద్దుపరచుటకు కట్టవలసిన సొమ్మును గడువులోపల బదులుగా ఇచ్చి, పంటమీద తిరిగి రాబట్టుకొనవలెను. దీనిపై వడ్డీ పుచ్చుకొన్నను అసలును మించకుండ మన ధర్మశాస్త్రపు హద్దునే పెట్టుకొందము. మూడవది: దావా వేయదలచిన మన కులజులు, వేయకముందు సంఘపెద్దల సమక్షమున బాకీదారుని పిలిపించి గడువులు నిర్ణయింపవలెను. ఋణదాతకు న్యాయముగా రావలసినది రావలెను. అది రాకున్న రేపు అప్పిచ్చువాడే యుండడు. విత్తనమునకు సొమ్మును పుట్టదు.

ఈ నిధి మన కులమునకే పరిమితము గావలెనా యని కొందరు అడుగవచ్చును. ఏ పొలమునకైనను గట్టు రెండు ప్రక్కల నుండును. ప్రక్కపొలము వాడు ఏ కులమువాడైనను, వాని నాగలి నిలిచినచో మన కాలువయు పూడును. కావున మొదలు మనయింట పెట్టి, చేయి ఊరివరకు చాపుట యుక్తమని మా యభిప్రాయము.

వాసిరెడ్డి ప్రభువులవంటి వారి సంస్థానమును ముప్పదియేండ్ల వ్యాజ్యము హరించినది. సామాన్య రైతు మూడెకరములను హరించుటకు మూడు వాయిదాలు చాలును. వచ్చు మహాసభలో తీర్మానములు ప్రవేశపెట్టువారు ఈ నిధి విషయమును మొదటి తీర్మానముగా గైకొని, చందా పట్టికను సభలోనే తెరచుదురుగాక యని కోరుచు, మా శక్తికొలది మొదటి చందాను మేమును వ్రాయగలమని విన్నవించుకొనుచు ముగించుచున్నాము.